బోకుల పొడి

ఆదివారం పోదామనుకున్నాం,
నేనూ, దస్తగిరమ్మా, కుళ్ళాయమ్మా.
ఒకే బడిలో మధ్యాన్నం బువ్వ వండేటోళ్ళం.
పెండ్లిళ్ళకు పోయినాం, ఆస్పత్రికి పోయినాం,
కర్నూలు దాటి ఊరికే చూసొచ్చేకి
ఇదే మొదలు.

బియ్యం ఏరుతా ఏరుతా
చాట మీదనే దారి గీసింది దస్తగిరమ్మ.
ఇది బస్టాండు: ఒక మట్టిబెడ్డ.
ఇది బనగానపల్లె: ఒక నల్లగింజ.
ఇది జ్వాలాపురం: వేలితో తోసిన ఖాళీ.
ఐదున్నరకు మొదటి బస్సు.
ఆడోళ్ళకు సున్నా టికెట్టు, ఆధార్ మరిచిపోగాకండి.
ఆడ్నుంచి ఆటో.
మూడొందలంటాడు, రెండొందలకు దింపల్ల.

అంతా సుభాన్ సారు వల్ల.
పోయిన నెల కోడిగుడ్లు లెక్కబెట్టేకి వచ్చి
మేం తోముతాండే డేక్సా కాడ నిలబడినాడు.
"చిన్నప్పుడు దేంతో తోమేటోళ్ళమ్మా?"
"జ్వాలాపురం తెల్లపొడి సారూ, సంచుల్లో వచ్చేది.
పిడికెడేస్తే ఇత్తడి ఎండ మాదిరి మెరిసేది."
ఆయన చేతిలో గుడ్డు అట్లనే ఉండిపోయింది.

అది మన్ను కాదంట.
సముద్రం అవతల సుమత్రాలో
డెబ్బై నాలుగు వేల ఏండ్ల కిందట
ఒక అగ్గికొండ పగిలిందంట.
దాని బూడిద ఆకాశంలో అంతదూరం నడిచొచ్చి
మన జుర్రేరు పక్కన కూలబడిందంట.

కుళ్ళాయమ్మ నమ్మలేదు.
"అంత దూరం నుంచి బూడిదొస్తే
పక్కవీధి ఆఫీసు నుంచి
మూన్నెల్ల బిల్లు రాదేమి?"

నేనూ నవ్వినా.
రాత్రికి నిద్ర పట్టలేదు.

మా పెద్దమ్మ ఆ గుంటల్లో కూలికి పోయేది.
తవ్వి, జల్లించి, సంచులకెత్తి
పొద్దుగూకినాంక ఇంటికొస్తే
రెప్పలు తెల్లగా, మూతి తెల్లగా.
"పెండ్లికూతురొచ్చె పౌడరేసుకోని" అని
ఎగతాళి పట్టేటోళ్ళం.
ఆమె దగ్గు మాత్రం
ఇంట్లో అందరికన్నా ముందు లేచేది.
నువ్వు మోస్తాండేది కాలిపోయిన కొండను అని
ఆమెకు ఎవురూ చెప్పలేదు.

సారు ఇంకోటి గూడ చెప్పినాడు.
బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికినాయంట.
పొర పైన గూడ, అట్లాంటివే.
అంటే పడకముందు ఎవరో ఉండ్రి,
పడినాంక గూడ ఎవరో ఉండ్రి.
ఆ మాట కాడ నా గంటె ఆగింది.
మబ్బు నల్లబడి, ఏరు చిక్కబడి,
గడ్డి చచ్చిపోయిన దినం
ఒకామె ఉంటుంది గదా,
పిల్లోళ్ళకు ఏం పెట్టల్ల అనుకుంటా,
నీళ్ళ మీద తెట్టు చేత్తో పక్కకు తోసి,
చీరె కొంగు లేని కాలంలో
దేంతోనో వడగట్టుకుంటా.

చూసేవన్నీ కుళ్ళాయమ్మ రాసింది,
మాలో చదువొచ్చింది ఆమెకే.
బూడిద గుంటలు.
రాతిచూరు కింద ఎర్రమన్ను బొమ్మలు.
గుట్ట మీద కూలిన కోటగోడ,
ఎవరిదో ఆటో ఆయప్ప చెప్తాడు,
చెప్పకపోయినా గోడ కూలే ఉంటుంది.
దాని కింద, కొంచెం పెద్ద అక్షరాలతో:
ఉగ్గాని, బజ్జీ.

తీసకపోయేవి:
జొన్నరొట్టెలు పన్నెండు, బుడ్డల కారం,
నీళ్ళ సీసాలు, దస్తగిరమ్మ మోకాలి తైలం.
నేను రాయించనిది ఒకటుంది,
మూతున్న చిన్న స్టీలు డబ్బా.
పిడికెడు తెచ్చుకుందామని.
తోమేకి కాదు.
దేనికో నాకే తెలీదు.

శనివారం సాయంత్రం ఫోనొచ్చింది.
రేపు బడికి ఎవరో పెద్ద సార్లొస్తారంట,
నలభై మందికి వండల్ల.
దస్తగిరమ్మ శానాసేపు మాట్లాడలేదు.
కుళ్ళాయమ్మే అనింది:
"అన్ని వేల ఏండ్లు ఉన్నది
ఇంకో వారం ఉండదా?"

రొట్టెలు పాడైపోతాయని
వంటయినాంక వరండాలో కూర్చోని తిన్నాం, ముగ్గురమూ.
కుళ్ళాయమ్మ చెంప మీద
పొయ్యి బూడిద, సన్నగా, తెల్లగా.
తుడుచుకోమని చెప్పలేదు నేను.